అర్థమవుతుంది, మాట్లాడడమే రాదు: అమెరికాలో తెలుగు నేర్వడం, నేర్పడం

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఒక తెలుగు ఇంట్లో ఆదివారం ఉదయం వీడియో కాల్ నడుస్తూంటుంది. అవతలి వైపు నుంచి నాయనమ్మ, "టిఫిను తిన్నావా నాన్నా? అమ్మ ఏం చేసింది?" అని అడుగుతుంది. ఎనిమిదేళ్ళ మనవడు ప్రశ్నను ఎవరూ అనువదించకుండానే గ్రహించి, తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. ఆ జవాబును తల్లి తెలుగులోకి మార్చి చెప్పి, "వాడికి అంతా అర్థమవుతుంది అత్తయ్యా, మాట్లాడడమే రాదు" అని ముగిస్తుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలలో ఇంతగా వినవచ్చే వాక్యం మరొకటి ఉండదేమో. సాధారణంగా దీనిని సంజాయిషీగానో నిట్టూర్పుగానో అంటారు. కానీ ఇందులో ఒక శాస్త్రీయ సమస్య దాగి ఉంది. ఒక భాషను విని గ్రహించగలిగిన మెదడు దానిని పలకలేకపోవడమెందుకు? ఈ పిల్లవాడికి తెలుగు వచ్చినట్టా, రానట్టా? గత ఎనభై ఏళ్ళలో భాషాభ్యసన సిద్ధాంతాలు ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పాయి. ఏ జవాబును నమ్మితే పిల్లలకు తెలుగు నేర్పే తీరు ఆ విధంగా మారుతుంది.

అమెరికా జనగణన సంస్థ సర్వేల ప్రకారం 2017 నాటికి ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 4 లక్షలు దాటింది. 2010 నుంచి ఆ ఏడేళ్ళలో పెరుగుదల 86 శాతం. ఈ అంకెలు ఆనందం కలిగించేవే గాని, ఈ పెరుగుదలకు ముఖ్య కారణం వలస. వలసవచ్చిన భాషలు అమెరికాలో మూడు తరాలలో కనుమరుగవుతాయని జాషువా ఫిష్‌మన్ వంటి సామాజిక భాషావేత్తలు 1960లలోనే వివరించారు. మొదటి తరం తన భాషలో బతుకుతుంది, రెండవ తరం ఇంట్లో వింటుంది, మూడవ తరానికి కొన్ని వంటల పేర్లు, బంధువాచకాలు మిగులుతాయి. వీడియో కాల్‌లోని పిల్లవాడు ఈ క్రమంలో రెండవ మెట్టు మీద ఉన్నాడు.

ఓనమాలకు ముందే ఉన్న భాష

భాష నేర్పడం అనగానే తల్లిదండ్రులకు గుర్తుకు వచ్చేది తాము నేర్చుకున్న తీరు. పలక, బలపం, ఓనమాలు, గుణింతాలు, వత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, చివరికి వాచకం. ఆ క్రమం తరతరాలుగా పనిచేసింది. అయితే అది పనిచేయడానికి ఒక షరతు ఉండేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తెనాలిలోనో జగిత్యాలలోనో బడిలో చేరే ఐదేళ్ళ పిల్లవాడు అప్పటికే తెలుగు మాట్లాడుతూ ఉంటాడు. "రేపు మామయ్య వస్తే నేనూ వాళ్ళూరు వెళ్తా" అనే వాక్యంలో చేదర్థకముందని వాడికి తెలియదు గాని దానిని తప్పు లేకుండా వాడగలడు. బడి చేసినదల్లా నోట ఉన్న భాషకు లిపిని జోడించడమే.

అమెరికాలో వారాంతపు తరగతికి వచ్చే పిల్లలలో చాలామందికి ఆ షరతు వర్తించదు. "ఉ - ఉడుత" అన్నప్పుడు కోస్తాలోని పిల్లవాడు కొత్తగా నేర్చుకునేది అక్షరాన్ని మాత్రమే, ఉడుతను వాడు చెట్టు మీద చూసి, పిలిచి, తరిమి ఉన్నాడు. ఇక్కడి పిల్లవాడు అక్షరం ఆకారం, దాని ధ్వని, ఆ మాట, దాని అర్థం, నాలుగింటినీ ఒకేసారి మోయాలి. రెండు మూడేళ్ళు శ్రమించిన తర్వాత పేజీ మొత్తం గడగడ చదివి, చదివినది ఏమిటో చెప్పలేని పిల్లలు తయారవుతారు. అర్థమైనా మాట్లాడలేని స్థితికి ఇది సరిగ్గా తలకిందులైన స్థితి.

పైగా లిపి కూడా చిన్న బరువేమీ కాదు. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు ఎంత వేగంతో నేర్చుకుంటారో సోనాలి నాగ్ పరిశీలించి 2007లో ప్రచురించారు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరే కాబట్టి అవి తొలి బడి రోజుల్లోనే పూర్తవుతాయి. కన్నడ అక్షరాలు, వాటి గుణింతాలు, వత్తులతో సహా, పూర్తిగా పట్టుబడడానికి కర్ణాటకలోని పిల్లలకే ప్రాథమిక తరగతులలో కొన్నేళ్ళు పడుతుంది. కన్నడం మధ్య పెరుగుతున్నవారికే ఇంత కాలం పడుతుంటే, వారానికి ఒకసారి తెలుగు పుస్తకం తెరిచే పిల్లవాడు ఏడాదిలో వత్తులు తడబడితే అది వాడి బుద్ధి లోపం కాదు.

పలికే భాష ముందు, రాసే భాష తర్వాత అన్న ఆలోచన తెలుగువారికి పరాయిది కాదు. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలో ఉత్తర కోస్తాలో పాఠశాలల పర్యవేక్షకుడిగా ఉన్న జె. ఎ. యేట్స్ భాషలను ప్రత్యక్ష పద్ధతిలో, అంటే మాట్లాడడం ద్వారానే నేర్పాలని నమ్మిన అధికారి. పిల్లలు పలికే తెలుగుకూ పుస్తకాలలోని తెలుగుకూ ఇంత దూరమెందుకని ఆయన వేసిన ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వంటివారిని కదిలించింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు అప్పటికే సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నాలు చేస్తున్నారు. వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య చరిత్రగా చదవడం అలవాటైపోయింది. కానీ దాని మూలంలో ఉన్నది తరగతి గది సమస్య: పిల్లవాడికి ఉన్న భాషను వదిలి లేని భాషతో చదువు మొదలుపెట్టవచ్చునా?

అనుకరణ సిద్ధాంతం, దాని పరిమితి

అమెరికాలో పెద్దలకు విదేశీ భాషలు నేర్పే పని రెండవ ప్రపంచ యుద్ధంతో ఊపందుకుంది. 1943లో మొదలైన సైనిక శిక్షణ కార్యక్రమంలో భాషావేత్తలు వ్యాకరణ సూత్రాలను పక్కనపెట్టి, మాతృభాషీయుడి నోట విన్న వాక్యాలను పదే పదే పలికించే పద్ధతిని అనుసరించారు. స్పుత్నిక్ అనంతరం 1958లో వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం ఆసియా భాషల బోధనకు నిధులు సమకూర్చింది. ఆ వాతావరణంలోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ధ్వనిశాస్త్రవేత్త లీ లిస్కర్ వ్యావహారిక తెలుగుకు ఒక ప్రవేశ గ్రంథం రాశారు. అది 1963లో వెలువడింది. మరుసటి ఏడు ఆర్థర్ అబ్రామ్‌సన్‌తో కలిసి క, గ వంటి ధ్వనుల తేడాను మిల్లీసెకండ్లలో కొలిచి ధ్వనిశాస్త్రాన్ని మలుపు తిప్పిన లిస్కర్ ఈయనే. ఆ తర్వాత 1968లో భద్రిరాజు కృష్ణమూర్తి, పి. శివానంద శర్మల ఆధునిక తెలుగు పాఠ్యగ్రంథం వచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాలపాటు అమెరికన్ విద్యార్థులకు తెలుగు నేర్పారు.

వల్లెవేయించే పద్ధతి వెనుక ఉన్నది ప్రవర్తనావాదం. భాష ఒక అలవాటు, ఉద్దీపనకు ప్రతిస్పందన, మెప్పుతో బలపడుతుంది అని బి. ఎఫ్. స్కిన్నర్ 1957లో ప్రతిపాదించారు. 1959లో నోమ్ చామ్‌స్కీ దానిని తీవ్రంగా ఖండిస్తూ, పిల్లలు తామెన్నడూ వినని వాక్యాలను నిర్మిస్తారని గుర్తుచేశారు. తెలుగు ఇంట్లోనే ఇందుకు సాక్ష్యం దొరుకుతుంది. మూడేళ్ళ పిల్ల "ఇల్లులు" అంటుంది, "చెయ్యిలు" అంటుంది. ఆ మాటలను ఏ పెద్దవారూ ఆమెకు నేర్పలేదు. బహువచనానికి "లు" చేర్చాలన్న సూత్రాన్ని ఆమె మెదడే విన్న మాటల నుంచి పిండుకుంది. "ఇళ్ళు", "చేతులు" అనే అపవాదాలు తర్వాత వస్తాయి. ఆ పొరపాటు ఆమెలో వ్యాకరణం పుడుతున్నదనడానికి గుర్తు.

వినడానికీ పలకడానికీ మధ్య

సూత్రాలను మెదడే తయారుచేసుకుంటే దానికి కావలసిన ముడిసరుకు ఏమిటి? దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లో దీనికి సూటి సమాధానమిచ్చారు. నేర్చుకునేవాడి స్థాయికి ఒక్క మెట్టు పైన ఉంటూ, సందర్భాన్ని బట్టి బోధపడే భాష పుష్కలంగా వినిపిస్తే చాలు, మాట దానంతటదే వస్తుందన్నారు. ఆయన చెప్పిందే పూర్తి సత్యమైతే వీడియో కాల్‌లోని పిల్లవాడు ఈపాటికి తెలుగు ధారాళంగా మాట్లాడుతూ ఉండాలి.

ఈ చిక్కును విప్పింది కెనడా అనుభవం. 1965లో మాంట్రియల్ సమీపంలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు పిల్లలకు అన్ని పాఠాలూ ఫ్రెంచిలోనే చెప్పే ప్రయోగం మొదలై, తర్వాత దేశమంతటా విస్తరించింది. ఏళ్ళ తరబడి ఫ్రెంచి విన్న ఆ పిల్లలు వినికిడిలో ఫ్రెంచి పిల్లలకు దీటుగా వచ్చారు గాని, మాటలో, రాతలో వ్యాకరణం కుంటుపడింది. దీనిని పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో ఇచ్చిన వివరణ ఇది: అర్థం చేసుకోవడానికి వ్యాకరణమంతా అక్కరలేదు, మాట్లాడడానికి మాత్రం అది తప్పదు.

తెలుగు వాక్యం ఒకటి తీసుకుంటే ఇది మరింత స్పష్టపడుతుంది. "అమ్మమ్మకి పుస్తకం ఇచ్చావా?" అని తల్లి అడిగినప్పుడు పిల్లవాడు అమ్మమ్మ, పుస్తకం, ఇచ్చు అనే మూడు ముక్కలను, స్వరంలోని ప్రశ్నను పట్టుకుంటే చాలు. "కి" అన్న విభక్తినీ, "ఇచ్చావా"లోని పురుష ప్రత్యయాన్నీ వదిలేసినా అర్థానికి లోటు రాదు, ఎందుకంటే పుస్తకాలు అమ్మమ్మను ఎవరికీ ఇవ్వవు. కానీ జవాబు తెలుగులో చెప్పాలంటే "ఇచ్చాను" అనాలా, "ఇచ్చాడు" అనాలా తేల్చుకోవాలి. "ఇంకా ఇవ్వలేదు" అనాలంటే "ఇచ్చు" ఉన్నట్టుండి "ఇవ్వ"గా మారాలి. తెలుగులో అర్థం ధాతువులో ఉంటే వ్యాకరణం మాట చివరలో ఉంటుంది. వినేవాడు ఆ చివరను జారవిడిచినా నెగ్గుకొస్తాడు. పలికేవాడికి ఆ వెసులుబాటు లేదు.

వినడంతోనే నెగ్గుకొచ్చిన పిల్లలు ఎప్పుడైనా నోరు తెరిస్తే "నేను తెలుసు", "అమ్మ వచ్చాడు", "మేము ఇద్దరం ఆడుకుందాం" వంటి వాక్యాలు వినిపించడం అందుకే. "నాకు తెలుసు", "నాకు ఆకలేస్తోంది" అంటూ కర్త ఉండవలసిన చోట చతుర్థీ విభక్తి రావడం, మేము-మనం భేదం, ఏకవచనంలో స్త్రీకి అమహద్రూపం వాడడం, ఇవేవీ ఇంగ్లీషులో లేవు. ఇలాంటి పిల్లలను ఇప్పుడు భాషావేత్తలు వారసత్వ భాషీయులంటారు. గ్వాడలూపే వాల్డేస్, సిల్వీనా మాంట్రుల్ ప్రభృతుల పరిశోధనల వల్ల వీరు ఒక ప్రత్యేక వర్గమన్నది స్థిరపడింది. వీరికి తెలుగు విదేశీ భాష కాదు, అలాగని పూర్తిగా పండిన మాతృభాషా కాదు. విదేశీయుడి కోసం రాసిన పాఠమూ, తెనాలి పిల్లవాడి కోసం రాసిన వాచకమూ వీరికి సరిగ్గా నప్పవు.

చెవిలో నిలిచినది

ఈ పిల్లలు సున్నా దగ్గర మొదలుపెట్టడం లేదనడానికి గట్టి ఆధారాలున్నాయి. "పాట", "పాత" అనే మాటల తేడా ఇంగ్లీషు చెవికి అందదు. వాంకూవర్‌కు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో హిందీలోని మూర్ధన్య, దంత్య ధ్వనులను ఇంగ్లీషు కుటుంబాల శిశువులకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ తేడాను పట్టుకున్న శిశువులు, పది పన్నెండు నెలలకు చాలావరకు ఆ శక్తిని కోల్పోయారు. తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డ ఆ కిటికీ మూసుకోకముందే ట, త లను వేరుచేసి దాచుకుంటుంది.

ఆ ముద్ర ఎంతకాలం నిలుస్తుంది? బాల్యంలో స్పానిష్‌ను కేవలం పక్కనుంచి విని, కాలేజీలో దానిని నేర్చుకున్నవారి ఉచ్చారణ, బాల్యంలో అసలు విననివారి ఉచ్చారణ కన్నా మెరుగ్గా ఉందని టెర్రీ ఔ బృందం 2002లో చూపింది. వ్యాకరణంలో మాత్రం వారికి ఆ ఆధిక్యం కనిపించలేదు. చైనాలో పుట్టి, ఏడాది వయసు దరిదాపుల్లో ఫ్రెంచి కుటుంబాలకు దత్తతవెళ్ళి, చైనీసు ఒక్క ముక్క కూడా గుర్తులేని బాలికల మెదళ్ళను 2014లో మాంట్రియల్ పరిశోధకులు ఎం.ఆర్.ఐ. ద్వారా పరిశీలించారు. చైనీసు స్వరభేదాలు విన్నప్పుడు వారి మెదళ్ళు ఆ భాష వచ్చినవారి మెదళ్ళ లాగే స్పందించాయి. తెలుగు వింటూ పెరిగి మాట్లాడని పిల్లవాడి దగ్గర పునాది ఉంది. దాని మీద గోడ లేవలేదు.

మోతాదు లెక్క

ఇంగ్లీషు మాతృభాషగా గల వయోజనుడికి తెలుగులో ఉద్యోగానికి సరిపడే సామర్థ్యం రావడానికి 44 వారాలు, దాదాపు 1100 తరగతి గంటలు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. వారాంతపు బడి వారానికి రెండు గంటల చొప్పున ఏడాదికి 35 వారాలు నడిచిందనుకుంటే 70 గంటలు. ఆ లెక్కన 1100 గంటలు పూర్తి కావడానికి పదిహేనేళ్ళు దాటుతుంది. పిల్లల అవసరం, పెద్దల అవసరం ఒకటి కాదు కాబట్టి ఈ పోలికను అక్షరాలా తీసుకోనక్కరలేదు. కానీ మందు మోతాదు చాలనప్పుడు మందును తప్పుపట్టి లాభం లేదు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి, ఊరూరా తెలుగు సంఘాలు నడిపే తరగతులు స్వచ్ఛంద సేవకుల శ్రమతో నిలబడ్డాయి. అవి లిపిని, చదువును, తోటి తెలుగు పిల్లల స్నేహాన్ని ఇవ్వగలవు. మాటకు కావలసిన గంటలు మాత్రం ఇంట్లోనే దొరకాలి. రోజుకు అరగంట తెలుగు సంభాషణ ఏడాదికి 180 గంటలు దాటుతుంది.

ఆ అరగంట ఎలాంటిది కావాలన్నది మరో ప్రశ్న. సియాటిల్‌లో పెట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనీసు వినిపించింది. మనిషి ఎదుట కూర్చుని ఆడుతూ మాట్లాడినప్పుడు శిశువులు ఆ ధ్వనులు నేర్చుకున్నారు. అదే మనిషి, అదే మాట వీడియోలో కనిపించినప్పుడు ఏమీ నేర్వలేదు. టీవీలో తెలుగు సినిమా నడుస్తూ ఉండడం బోధన కాదని దీని అర్థం. అయితే 2014లో మరో పరిశోధన రెండేళ్ళు దాటిన పిల్లలతో వీడియో కాల్‌ను పరీక్షించింది. అవతలి మనిషి పిల్లవాడి మాటకు అప్పటికప్పుడు స్పందిస్తూంటే, ఎదుట ఉన్నట్టుగానే వారు కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారు. నాయనమ్మ ఆదివారం కాల్ కాబట్టి కాలక్షేపం కాదు, అది పాఠం. తల్లి దుబాసీ పని మానుకుని, పిల్లవాడి జవాబు కోసం ఆమెను కాస్త ఆగనిస్తే చాలు.

రెండు భాషలు వింటే పిల్లవాడికి మాటలు ఆలస్యమవుతాయన్న భయం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఒక్కోసారి వైద్యుల నోటి నుంచే వస్తుంది. దీనికి ఆధారం లేదు. ద్విభాషా శిశువుల మాటలను ఒక్క భాషలోనే లెక్కిస్తే తక్కువగా కనిపించవచ్చు, రెండు భాషలనూ కలిపి లెక్కిస్తే ఆ లోటు ఉండదు. నిజంగా మాట ఆలస్యమైతే వినికిడి పరీక్ష, వాక్చికిత్స అవసరం. ఇంటి భాషను ఆపివేయడం చికిత్స కాదు. దాని వల్ల ఇంగ్లీషు అంతంత మాత్రమైన అవ్వాతాతలతో పిల్లవాడికి ఉన్న సంబంధం మాత్రం తెగిపోతుంది.

నవ్వు, దిద్దుబాటు

పిల్లవాడు చివరకు ధైర్యం చేసి "నాకి బొమ్మ కావాలు" అన్నాడనుకుందాం. చుట్టుపక్కల అంతా నవ్వుతారు. ఆ నవ్వులో ముద్దే తప్ప ఎగతాళి లేదు. కానీ వారసత్వ భాషీయులలో ఒక రకమైన భాషాభీతిని క్రాషెన్ 1998లో గుర్తించారు. తప్పు మాట్లాడినప్పుడల్లా దిద్దుబాటు, నవ్వు ఎదురైతే పిల్లలు మాట్లాడడమే మానేస్తారు. మాట్లాడకపోతే మెరుగుపడరు, మెరుగుపడకపోతే మరింత ముడుచుకుంటారు. పరాయివాడు తప్పు తెలుగు మాట్లాడితే మెచ్చుకునే బంధువులు సొంత పిల్లవాడిని చూసి నవ్వడం ఈ కథలో ఒక విషాదం.

అలాగని తప్పులన్నిటినీ వదిలేయాలని కాదు. 1997లో రాయ్ లిస్టర్, లీలా రాంటా మాంట్రియల్ తరగతులను పరిశీలించి ఉపయోగకరమైన విషయం చెప్పారు. ఉపాధ్యాయులు ఎక్కువగా చేసేది విద్యార్థి తప్పును సరిచేసి తామే పలకడం. విద్యార్థి స్వయంగా దిద్దుకోవడం అతి తక్కువగా జరిగేదీ అప్పుడే. దానికి బదులు చిన్న ఊతమిచ్చి జవాబు పిల్లవాడి నోటి నుంచే రాబడితే ఫలితం మెరుగ్గా ఉంది. "బొమ్మ కావాలా, బంతి కావాలా?" అని అడిగితే "కావాలి" అన్న రూపానికి పిల్లవాడు తానే దగ్గరవుతాడు.

దిద్దుబాటులో మరింత సున్నితమైనది మాండలికం. అమెరికాలోని ఒక్క తరగతిలో కరీంనగర్, కడప, కాకినాడ ఇళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి ఇంట్లో సొరకాయ, మరొకరి ఇంట్లో ఆనపకాయ. ఒకరి తండ్రి "వస్తుండు" అంటే మరొకరి తండ్రి "వస్తున్నాడు" అంటాడు. పుస్తకంలో లేదు కాబట్టి ఇంటి మాట తప్పని చెబితే, ఆ పిల్లవాడికి ఉన్న కాస్త తెలుగు మీదే అపనమ్మకం కలుగుతుంది. గిడుగు నూరేళ్ళ కిందట వాదించినది ఈ పిల్లవాడి పక్షానే.

క్రమాన్ని తిరగేయడం

వీటన్నిటినీ కలిపి చూస్తే బోధనకు ఒక క్రమం ఏర్పడుతుంది. మొదట మాట: రోజూ ఒక నియమిత సమయాన, వంటింట్లోనో కారులోనో, పిల్లవాడు తెలుగులో జవాబివ్వక తప్పని సంభాషణ. తర్వాత కథ: విన్న కథను వాడే తిరిగి చెప్పడం. ఆ పైన లిపి. ఒక భాషలో చదవడం వచ్చినవారికి ఆ నేర్పు రెండవ భాషకు బదిలీ అవుతుందని జిమ్ కమిన్స్ 1979లోనే ప్రతిపాదించారు కాబట్టి, ఇంగ్లీషు చదవడం వచ్చాక ఏడేళ్ళకు ఓనమాలు మొదలుపెట్టినా మించిపోయేదేమీ లేదు. అక్షరాలు పదేళ్ళకైనా, ఇరవై ఏళ్ళకైనా పట్టుబడతాయి. పలకరించే అవ్వ మాత్రం అంతకాలం ఫోను అవతల ఉండకపోవచ్చు.

ఆదివారం కాల్‌లో "టిఫిను తిన్నావా?" అన్న ప్రశ్నకు పిల్లవాడు ఏదో ఒక రోజు "దోశ తిన్నాడు" అని జవాబివ్వవచ్చు. అది తప్పే. కానీ ఆ మాట చివర ఒక ప్రత్యయం వచ్చి చేరింది. "ఎన్ని తిన్నావు నాన్నా?" అని నాయనమ్మ మరో ప్రశ్న అడిగితే చాలు.